బయట తిరిగే కుందేళ్లను గద్ద తన్నుకుపోకుండా ఎలా చూసుకోవాలి

కుందేలును ఇంట్లోనే పెంచేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. పెరట్లోనో, మేడ మీదో, ఇంటి ముందు ఉన్న కాస్త ఖాళీలోనో వదిలేవాళ్ల కోసం రాస్తున్నాను. ముఖ్యంగా బెజవాడలో కృష్ణ ఒడ్డుకో, బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో ఏదో ఒకదానికో దగ్గరగా ఉన్నవాళ్లు, ఉండవల్లి, మంగళగిరి కొండల కింద ఉన్నవాళ్లు, గుంటూరులో ఊరి చివర పొలాలు తగిలే కాలనీల్లో ఉన్నవాళ్లు ఇది చదివి తీరాలి. మిగతావాళ్లు ఒకసారి బయటికొచ్చి తలెత్తి చూడండి. కాసేపట్లో ఒక్క గద్ద కూడా కనబడకపోతే మీ అదృష్టం, అప్పుడు చదవడం మానేయండి.

ముందే చెప్పేస్తాను, పైన కప్పు లేని చోట కుందేలును ఒంటరిగా వదలకూడదు. సీడీలు, దిష్టిబొమ్మలు, కుక్క కాపలా అన్నీ దీని తర్వాతే. చుట్టూ నాలుగడుగుల ఎత్తున జాలి కట్టేసి ఇక భయం లేదనుకునేవాళ్లే ఎక్కువ. ఆ జాలి కుక్కల కోసం. పైనుంచి దిగేదానికి అది ఉన్నా లేనట్టే.

మొదట: మీ ఇంటి మీద తిరిగేది ఏదో చూసుకోండి

జాలి కొనడానికి బజారుకు పరిగెత్తే ముందు రెండు మూడు రోజులు పొద్దున, సాయంత్రం కాసేపు మేడ మీద కూర్చుని చూడండి. ఏ పక్షి, ఎక్కడ వాలుతోంది, ఏ టైముకు వస్తోంది, ఈ మూడు తెలిస్తే సగం పని అయినట్టే.

మన ఊళ్లలో ఎక్కువగా కనబడేది మామూలు గద్ద, మట్టి రంగులో ఉంటుంది, ఎగురుతున్నప్పుడు తోక చివర కొంచెం చీలి కనబడుతుంది. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఐదడుగుల దాకా ఉంటుంది, బరువు మాత్రం కిలో లోపే. ప్రకాశం బ్యారేజీ దగ్గర నిలబడితే నీటి మీద గుంపులుగా తిరుగుతూ కనబడేవి ఎక్కువగా ఇవే. సెల్ టవర్లు, కొబ్బరి చెట్లు, వాటర్ ట్యాంకులు, వీధి లైటు స్తంభాలు వీటికి కూర్చునే చోట్లు. చేపల మార్కెట్టు, చికెన్ షాపుల వెనక వేసే వ్యర్థాలు, డంపింగ్ యార్డు దగ్గరుంటే ఇక చెప్పక్కర్లేదు.

తల, మెడ తెల్లగా, మిగతా ఒళ్లంతా ఇటుక రంగులో ఉండేది గరుడ పక్షి. నీళ్ల దగ్గర ఎక్కువ తిరుగుతుంది, చేపలు, పీతలు, చచ్చినవి దాని తిండి. దాన్ని చూస్తే దండం పెట్టే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉంటారు, పెట్టనివ్వండి, కుందేలు గూడు మూత మాత్రం తీసి పెట్టొద్దు. దానికి మనం పెట్టే దండం కంటే కింద పాకుతున్న చిన్న కుందేలు పిల్ల ఎక్కువ ఇష్టం.

డేగ వేరే రకం. పావురమంత ఉంటుంది, ఆకాశంలో గిరికీలు కొట్టదు, చెట్టు కొమ్మల్లో చడీచప్పుడు లేకుండా కూర్చుని ఒక్కసారి దూకుతుంది. తొండలు, ఉడుతలు, చిన్న పిట్టలు దాని వేట. పెద్ద కుందేలును ఏమీ చేయలేదు గానీ కళ్లు తెరిచి గూటి నుంచి బయటికొచ్చిన పిల్లల్ని వదలదు. మామిడి, వేప, బాదం చెట్లు పెరట్లో ఉన్నవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే గద్ద కోసం ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటే డేగ పక్కనుంచి వస్తుంది.

రాత్రి పూట కొమ్ముల గుడ్లగూబ. రాళ్ల కొండలు దానికి ఇష్టం, అంటే కొండపల్లి వైపు, ఉండవల్లి, మంగళగిరి కొండల వైపు ఉన్నవాళ్లకు ఇది ఉత్త భయం కాదు. కిలో పైనే బరువు, బలమైన గోళ్లు, అడవిలో ఎలుకల్ని, చెవులపిల్లుల్ని, అంటే అడవి కుందేళ్లను పట్టే పక్షి అది. రాత్రి కుందేలు బయట ఉండకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు, పైగా పిల్లులు, కుక్కలు, ముంగిసలు, పందికొక్కులు ఎటూ ఉన్నాయి.

ఇక కాకి. దాన్ని వేట పక్షి అని ఎవరూ అనరు గానీ కుందేలు పిల్లల విషయంలో గద్దకు ఏమాత్రం తీసిపోదు. గుంపుగా వస్తాయి, కళ్లు పొడుస్తాయి. కాకి వల్ల ఒక లాభం కూడా ఉంది, అది తర్వాత చెప్తాను.

"మా కుందేలు రెండు కిలోలు, గద్ద ఎత్తుకెళ్లలేదు కదా" అని అడిగేవాళ్లు ఉంటారు. ఎత్తుకెళ్లలేదు, నిజమే, తనకు రెట్టింపు బరువున్న దాన్ని మోసుకుని గద్ద ఎగరలేదు. కానీ దిగి గోళ్లు దించి చూస్తుంది. ఆ గాయం పైకి చిన్న చుక్కలా ఉండి లోపలికి లోతుగా ఉంటుంది. అసలు గోరు తగలకపోయినా ప్రమాదమే, కుందేలు భయానికే గుండె ఆగి చచ్చిపోగలదు, లేదా కంగారులో వెనక కాళ్లతో బలంగా తన్నుకుని తన వెన్ను తానే విరగ్గొట్టుకోగలదు. కాబట్టి గద్ద ఎత్తుకెళ్తుందా లేదా అని లెక్కలు వేయకండి, అసలు దిగకుండా చూడండి.

గూడు, దాని ముందు ఆవరణ కట్టడం

రెండు కుందేళ్లకు పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, కనీసం మూడడుగుల ఎత్తు ఉంటే అవి గెంతడానికి, వెనక కాళ్ల మీద నిలబడి చూడడానికి సరిపోతుంది. అంత చోటు లేకపోతే తగ్గించండి, కానీ ఎత్తు తగ్గించకండి, ఎందుకో కింద చెప్తాను. మీరు లోపలికి వెళ్లి ఊడ్చుకోగలిగేలా ఆరడుగుల ఎత్తు కట్టుకుంటే ఇంకా మంచిది, నడుం నొప్పి లేకుండా రోజూ శుభ్రం చేస్తారు.

ఫ్రేముకు సరుగుడు కర్రలు చవక, పెరట్లో పాతడానికి బాగుంటాయి. ఏటా మార్చే ఓపిక లేకపోతే ఆటోనగర్‌లో ఏ వెల్డింగ్ షాపులోనైనా కొలతలిచ్చి ఇనప యాంగిల్స్‌తో చేయించుకోండి, బెజవాడలో, గుంటూరులో రెండు చోట్లా ఆటోనగర్ ఉంది కాబట్టి దూరం అనే సాకు లేదు. మేడ మీదకైతే నాలుగు ముక్కలుగా విడదీసి బోల్టులతో బిగించేలా చేయించండి, లేకపోతే మెట్ల మలుపులో ఇరుక్కుంటుంది.

జాలి విషయంలో మాత్రం కక్కుర్తి పడొద్దు. హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి జాలి కావాలంటే కోళ్ల జాలి చేతిలో పెడతారు, ఆరు మూలల కన్నాలతో పల్చగా ఉంటుంది. పక్షిని అది ఆపుతుంది, కుక్కను ఆపదు, కొంతకాలానికి తుప్పు పట్టి మీ చేతికే ఊడి వస్తుంది. మీరు అడగాల్సింది అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్, అంటే తీగల్ని అతికి చేసిన జాలి, తుప్పు పట్టకుండా జీఐ (జింకు) పూత ఉన్నది. పక్కలకు అదే, పైకీ అదే. డబ్బులు మరీ ఇబ్బందైతే పైన ఒక అంగుళం కన్నాలున్నది వేయండి, రెండంగుళాలది మాత్రం వద్దు, ఆ కన్నాల్లోంచి పిల్లి చేయి పెడుతుంది, గద్ద కాలు దించుతుంది. బెజవాడ వన్‌టౌన్ షాపుల్లో చుట్టలుగా, కోసి కూడా ఇస్తారు. కొనే ముందు ఒక మూల చేత్తో వంచి చూడండి, అతుకు ఊడిపోతే ఆ సరుకు వద్దు.

ఎత్తు తగ్గించొద్దన్నది ఇందుకే: గద్ద జాలి మీద వాలితే జాలి దాని బరువుకు కిందికి వంగుతుంది, లోపల కుందేలు వీపు జాలికి దగ్గరగా ఉంటే గోళ్లు అందుతాయి. అందుకే పైకప్పు జాలిని రెండడుగులకో అడ్డకర్ర వేసి, బైండింగ్ వైరుతో బిర్రుగా లాగి కట్టాలి. వేలాడే జాలి రెండు రకాలుగా చెడ్డది, కుందేలుకు ప్రమాదం, పక్షి కాలు చిక్కుకుని తన్నుకుంటే దానికీ ప్రమాదం.

అపార్ట్‌మెంట్ బాల్కనీలకు పావురాలు రాకుండా కట్టే నైలాన్ వల ఉంటుంది కదా, దాన్నే వాడొచ్చా అంటే, పైన మాత్రమే అయితే వాడొచ్చు, అంచుల వెంట తీగ పోసి గట్టిగా బిగిస్తే. పక్కలకు పనికిరాదు. కుందేలు ఒక్క రాత్రిలో దాన్ని కొరికి దారి చేసుకుంటుంది, ఏదీ దొరకకపోతే తాడు కూడా నమిలే జంతువు అది.

కప్పు మొత్తం జాలి ఒక్కటే ఉంటే చాలదు, సగమైనా నిండుగా కప్పాలి. ఇక్కడే మన ఎండకు, గద్దకు రెండిటికీ ఒకే మందు దొరుకుతుంది. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడిని చెవుల ద్వారా వదులుతుంది, 30 డిగ్రీలు దాటితేనే దానికి ఆయాసం మొదలవుతుంది, మన ఊళ్లలో మే నెలలో 40 దాటడం మామూలే. కాబట్టి ఎటూ నీడ కావాలి. ఆ నీడే పైనుంచి చూసే గద్దకు కుందేలు కనబడకుండా చేస్తుంది. గద్ద వేటంతా చూపు మీద నడుస్తుంది, పైగా పెట్ షాపుల్లో దొరికేవి సగానికి సగం తెల్లవి, పచ్చగడ్డి మీద తెల్ల కుందేలంటే ఎంత ఎత్తు నుంచైనా కనబడుతుంది. తాటాకు లేదా కొబ్బరాకు దడి అన్నిటికంటే చల్లగా ఉంటుంది. ఆకుపచ్చ షేడ్ నెట్ అయితే రెండు పొరలు వేయండి, ఒక్క పొర మన ఎండకు చాలదు. రేకు వేయొద్దు, వేయక తప్పకపోతే రేకు పైన తాటాకు పరిచి మధ్యాహ్నం నీళ్లు చల్లండి.

షేడ్ నెట్‌తో ఒక చిక్కుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేచినా, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తుఫాను వచ్చినా అది తెరచాపలా గాలి పట్టి ఫ్రేమునంతా లేపేస్తుంది. తుఫాను హెచ్చరిక రాగానే నెట్ విప్పేసి కుందేళ్లను లోపలికి తీసుకెళ్లండి. జాలి విప్పక్కర్లేదు, దాంట్లోంచి గాలి పోతుంది.

నేల మీద కట్టేవాళ్లు ఫ్రేము కింద నుంచి బయటికి అడుగున్నర వెడల్పున అదే జాలి పరిచి మట్టి కప్పండి. కుందేలు లోపల నుంచి తవ్వుతుంది, ముంగిస, పందికొక్కు బయట నుంచి తవ్వుతాయి. తలుపుకు గడియ ఒక్కటే పెట్టొద్దు, కింద ఇంకో కొక్కెం పెట్టండి. ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల కోతులు తిరిగే వీధుల్లో ఉన్నవాళ్లు చిన్న తాళమే వేసుకోండి.

దాక్కునే చోట్లు

కప్పు ఉన్నా ఇది కావాలి. నీడ ఒకటి పైనుంచి కదిలితే చాలు కుందేలు అక్కడికక్కడే బిగుసుకుపోతుంది, లేదా పిచ్చిగా పరిగెత్తి జాలికి గుద్దుకుంటుంది. దానికి తలకు రెండు పక్కలా కళ్లుంటాయి కాబట్టి చుట్టూ, పైన దాదాపు అంతా కనబడుతుంది, మనకు తెలియని గద్ద దానికి ముందే తెలుస్తుంది. వెనక కాలితో నేల మీద ధబ్ అని కొట్టిందంటే ఏదో చూసిందన్నమాట, మీరు వెంటనే పైకి చూడండి.

అది పరిగెత్తి దూరడానికి దగ్గర్లోనే చోటుండాలి. సిమెంటు తూము ముక్క, ఎనిమిదంగుళాల పైపు, కింద పగిలిన పెద్ద మట్టి కుండ పక్కకు దొర్లించి, పళ్ల చెక్క పెట్టె బోర్లించి, ఏదైనా సరే. ఒకే ఒక షరతు, రెండు పక్కలా దారి ఉండాలి. ఒకే దారి ఉన్న దానిలో ఒక కుందేలు దూరి అడ్డంగా కూర్చుంటే రెండోది బయటే ఉండిపోతుంది, పిల్లి వస్తే లోపలిదీ ఇరుక్కుంటుంది. ఆవరణలో ఎక్కడ నిలబడినా నాలుగైదు గెంతుల్లో ఏదో ఒకటి అందేలా పెట్టండి, అన్నీ ఒక మూలకు నెట్టకండి. మట్టి కుండ అయితే వేసవిలో పైన తడిగుడ్డ కప్పొచ్చు, లోపల చల్లగా పడుకుంటాయి.

ఎప్పుడు వదలాలి

ఆవరణ బయట, అంటే పెరట్లో గడ్డి మీద స్వేచ్ఛగా తిరగనివ్వాలంటే పొద్దున ఆరు నుంచి ఏడున్నర లోపు, సాయంత్రం ఎండ తగ్గాక చీకటి పడేలోపు. కుందేళ్లు ఎలాగూ తెల్లవారుజామున, సందె వేళల్లోనే హుషారుగా ఉంటాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలైతే గద్దలు ఆ గాలి మీద రెక్క ఆడించకుండా తేలుతూ గంటల తరబడి వెతుకుతాయి, ఆ టైములో కుందేలు కప్పు కిందే ఉండాలి. డేగ మాత్రం పొద్దున్నే వేట మొదలెడుతుంది, కాబట్టి కుందేలు పిల్లలున్న రోజుల్లో పొద్దున షికారు కూడా బంద్. దీపాలు పెట్టే వేళకు లోపలికి తెచ్చేయండి.

మీరు పక్కన ఉండాలి. పక్కన ఉండడమంటే అడుగు దూరంలో కుర్చీ వేసుకుని ఫోన్ చూడడం కాదు. రోడ్డు మీద మనిషి చేతిలో బజ్జీ లాక్కుపోయే పక్షికి తల వంచుకుని రీల్స్ చూసే మనిషంటే లెక్కుండదు. చూసే ఓపిక లేని రోజు వదలకండి, ఆవరణలోనే ఉండనివ్వండి, దానికేం బాధ ఉండదు.

ఒక పని అసలు చేయొద్దు: కుందేలుకు తాడు కట్టి పెరట్లో గుంజకు వదిలేయడం. పిల్లలు సరదాకు చేస్తుంటారు, పెద్దవాళ్లూ "పారిపోకుండా" అని చేస్తుంటారు. పరిగెత్తడం ఒక్కటే దానికున్న ఆయుధం, అదీ మనమే కట్టేస్తే ఎలా?

ఇందాక కాకి వల్ల లాభం ఉందన్నాను కదా. గద్ద దిగువకు వస్తే కాకులు గోల చేసి తరుముతాయి, తోక చీలిన నల్లని పసులపోలిగాడు పిట్ట దాని నెత్తి మీద పొడుస్తూ వెంటబడుతుంది, ఉడుతలు ఆగకుండా అరుస్తాయి. ఈ గోల వినబడగానే, ఎందుకని ఆలోచించకుండా కుందేళ్లను లోపలికి తోలండి. కొంతమంది ఇదే పనికి రోజూ ఒకే ఈల వేసి లేదా గిన్నె మీద చప్పుడు చేసి మేత పెడతారు, ఆ చప్పుడుకు అలవాటు పడితే కుందేలు తనే గూట్లోకి పరిగెత్తుతుంది. పచ్చి కొత్తిమీర కట్ట ఊపితే ఇంకా తొందరగా నేర్చుకుంటుంది.

గద్దల్ని పిలవకండి

ఇది చాలామందికి తట్టదు. ఆదివారం పెరట్లో పంపు దగ్గర చేపలు తోమి, పొట్ట తీసి, ఆ నీళ్లు అక్కడే వదిలేస్తే మీ ఇల్లు గద్దల లిస్టులో ఎక్కుతుంది. వ్యర్థాలు కవరులో కట్టి మూత ఉన్న డబ్బాలో వేయండి, చోటు కడిగేయండి. చచ్చిన ఎలుకను గోడ మీద పడేయడం కూడా అంతే. కాకులకు రోజూ అన్నం ముద్ద పెట్టే అలవాటు ఇంట్లో పెద్దవాళ్లకుంటే మాన్పించక్కర్లేదు, మేడకు ఆ చివర, కుందేలు ఆవరణకు దూరంగా పెట్టమనండి. పెట్టీ పెట్టగానే నాలుగు కాకులు, వాటి వెనక గద్ద, ఆ ముద్ద కోసం వచ్చినవే పక్కన ఏముందో కూడా చూస్తాయి.

బెదిరించే వస్తువులు: కొన్ని పనిచేస్తాయి, కొంతకాలమే

పాత సీడీలు దారానికి కట్టి వేలాడదీయడం, మెరిసే రిబ్బను, దిష్టిబొమ్మ, ప్లాస్టిక్ గుడ్లగూబ. మొదటి వారం గద్ద దూరంగా ఉంటుంది. తర్వాత దిష్టిబొమ్మ తల మీదే వచ్చి కూర్చుంటుంది. వాడదలుచుకుంటే రెండు మూడు రోజులకోసారి చోటు మార్చండి, అన్నీ ఒకేసారి వేలాడదీయకుండా ఒకటి తీసి ఇంకోటి పెట్టండి. దీని మీద నమ్మకం పెట్టుకుని కప్పు మానేస్తే మాత్రం మీ ఇష్టం.

దారాలు కొంచెం నయం. రొయ్యల చెరువుల మీద పక్షులు దిగకుండా అడ్డంగా దారాలు లాగి కడతారు, ఆ పద్ధతే ఇక్కడా పెరడు మీద గోడ నుంచి గోడకు అడుగున్నరకో దారం చొప్పున ఏడెనిమిది అడుగుల ఎత్తున కడితే గద్దకు రెక్కలు చాపి దిగే చోటు దొరకదు. సన్నని కనబడని నైలాన్ దారం వాడొద్దు, పక్షులు చూసుకోక రెక్కలు కోసుకుంటాయి. లావు తెల్లతాడు కట్టి మధ్యలో రంగు గుడ్డ ముక్కలు ముడేయండి. మాంజా దారం ఊసే వద్దు. డేగ సన్నగా ఉంటుంది కాబట్టి ఈ దారాల మధ్యలోంచి వస్తుంది, చిన్న కుందేలు పిల్లలకు ఇది రక్ష కాదు.

గుంటూరు వాళ్లకు తప్పకుండా వచ్చే ఆలోచన ఒకటుంది, జాలి చుట్టూ కారం చల్లితే ఏదీ రాదు కదా అని. మిరపకాయ మంట పక్షులకు తెలియదు, చేలల్లో చిలకలు పండు మిరపకాయలు తినిపోయేది అందుకే. కారం వల్ల బాధపడేది మీ కుందేలే, పాదాలకు అంటుకుంటుంది, మొహం తుడుచుకుంటుంది, కళ్లు మండుతాయి.

కుక్కను కాపలా పెట్టడం గురించి అడుగుతుంటారు. గద్దను అది మొరిగి తరుముతుంది, ఒప్పుకుంటాను. కుందేలు మాత్రం ఆ మొరుగుడుకే బెదిరి సగం చచ్చిపోతుంది.

మేడ మీద పెంచేవాళ్లకు

బెజవాడలో పెరడు ఉన్న ఇళ్లు ఎన్ని మిగిలాయి, ఎక్కువమంది మేడ మీదే పెంచుతున్నారు. ఇక్కడ గద్దకు పని ఇంకా సులువు, చెట్టు అడ్డం లేదు, పిట్టగోడ మీదో, ట్యాంకు మీదో కూర్చుంటే మొత్తం కనబడుతుంది. ఆవరణను మేడ మధ్యలో పెట్టకండి. మెట్ల గది గోడకు ఆనించి, పడమటి ఎండ తగలని పక్క పెట్టండి, రెండు పక్కల గోడ ఉంటే జాలి ఖర్చూ తగ్గుతుంది. స్లాబు కాలిపోతుంటుంది కాబట్టి కింద తడి గోనెసంచులు, వాటి మీద గడ్డి. నీళ్ల బాటిల్ ఫ్రీజర్లో గడ్డకట్టించి గుడ్డ చుట్టి లోపల పెడితే దాన్ని ఆనుకుని పడుకుంటాయి. నోరు తెరిచి ఆయాసపడుతున్నా, చెవులు ఎర్రగా కాలుతున్నా వెంటనే లోపలికి తెచ్చి చెవుల మీద తడిగుడ్డ వేయండి, ఐసు నీళ్లలో ముంచొద్దు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది దాటాక మేడ మీద కుందేలు ఉండకూడదు, గద్ద ఉన్నా లేకపోయినా.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినట్టు మళ్లీ ఎప్పుడైనా వస్తే, కింద పెరట్లో ఉన్న కుందేళ్లను హడావిడిగా పైకి చేర్చాలి. పల్లపు ప్రాంతాల్లో ఉన్నవాళ్లు ఒక చిన్న బోను, నాలుగు వైపులా, పైన జాలి ఉన్నది, సిద్ధంగా ఉంచుకోండి. అట్టపెట్టెలో పెట్టి మేడ మీద వదిలితే వానకు అట్ట నానిపోతుంది, కాకులు చుట్టుముడతాయి.

పిల్లలు పుట్టినప్పుడు

జత కట్టిన నెల రోజులకు ఆడ కుందేలు ఈనుతుంది, పిల్లలకు పుట్టినప్పుడు జుట్టుండదు, కళ్లు మూసుకుని ఉంటాయి. పది పన్నెండు రోజులకు కళ్లు తెరుస్తాయి, మూడో వారంలో గూటి నుంచి బయటికి గెంతుతాయి, అసలు ప్రమాదం అప్పటి నుంచే. రెండు నెలలు నిండేదాకా కప్పు లేని చోట కాలు పెట్టనివ్వకండి, మీరు పక్కనున్నా సరే. తల్లి రోజుకు ఒకటి రెండు సార్లే, అదీ కొద్ది నిమిషాలే పాలిస్తుంది. అందుకని పిల్లల పెట్టెను ఇంట్లోనే ఉంచి పొద్దున, సాయంత్రం తల్లి దగ్గర పెట్టినా ఏ ఇబ్బందీ ఉండదు. చచ్చిన పిల్ల ఏదైనా ఉంటే వెంటనే తీసి పాతిపెట్టండి, లేకపోతే కాకులు దారి నేర్చుకుంటాయి.

గద్దలు కూడా ఇంచుమించు జనవరి నుంచి ఎండాకాలం దాకా గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. వాటికీ తిండి అవసరం పెరుగుతుంది. ఆ నెలల్లో మీ కుందేలు ఈనకుండా చూసుకోగలిగితే, అంటే మగదాన్ని, ఆడదాన్ని వేరు చేస్తే, టెన్షన్ తగ్గుతుంది.

దాడి జరిగిపోతే

ముందు అరవకండి, కుందేలు వెనక పరిగెత్తకండి. తువ్వాలు మెల్లగా కప్పి, వెనక భాగానికి ఒక చేయి ఆనించి ఎత్తండి, కాళ్లు వేలాడితే తన్నుకుని వెన్ను విరుచుకుంటుంది. చీకటిగా, చప్పుడు లేని పెట్టెలో పెట్టండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టుకోండి. బొచ్చు విడదీసి ఒళ్లంతా చూడండి, గోటి గాయాలు బొచ్చు కింద దాక్కుంటాయి, రెండో పక్క కూడా చూడండి. సెలైన్‌తో కడిగి, నీళ్లు బాగా కలిపి పల్చన చేసిన బెటాడిన్ రాయొచ్చు. పసుపు, కాఫీ పొడి, సున్నం ఏమీ అద్దకండి.

గాయం చిన్నదైనా డాక్టరుకు చూపించాలి, గోళ్లతో పాటు లోపలికి వెళ్లిన మురికి రెండు రోజులకు చీము పట్టిస్తుంది, మన వాతావరణంలో ఈగలు వాలి పురుగులు పడడానికి ఎంతోసేపు పట్టదు. ఇంట్లో ఉన్న మనుషుల మందులు వేయొద్దు. అమాక్సిసిలిన్ లాంటివి నోటి ద్వారా వేస్తే కుందేలు పేగుల్లో ఉండే మంచి సూక్ష్మజీవులు చచ్చి అది ప్రాణం మీదికి వస్తుంది. కుక్కలు, పిల్లులు మాత్రమే చూసే క్లినిక్‌కు వెళ్తే "కుందేళ్లను చూస్తారా" అని ముందే ఫోన్ చేసి అడగండి. బెజవాడ వాళ్లకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, దాని ఆస్పత్రికి తీసుకెళ్లొచ్చు.

గాయం ఏమీ కనబడకపోయినా ఆ రోజంతా అది తింటోందా, పెంటికలు వేస్తోందా చూడండి. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది గాయం కంటే ఎమర్జెన్సీ, పేగులు ఆగిపోతున్నాయని అర్థం.

ఒకసారి దిగిన గద్ద మళ్లీ వస్తుంది, మర్నాడు అదే టైముకు కూడా రావొచ్చు. కనీసం రెండు వారాలు కుందేళ్లను ఆవరణ దాటనివ్వకండి.

గద్దను ఏం చేయకూడదు

ఉండేలుతో కొట్టడం, విషం పెట్టిన మాంసం వేయడం, చెట్టెక్కి గూడు పడగొట్టడం ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరాలు, జైలుదాకా వెళ్తుంది. విషం పెడితే ముందు చచ్చేది వీధి కుక్కలు, కాకులు. పక్కింటి కొబ్బరి చెట్టు మీద గద్ద గూడు ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి, ఆ తర్వాత ఖాళీ గూడు తీయాలన్నా అటవీ శాఖ వాళ్లను అడిగి తీయించండి. మీ వలలో పక్షి చిక్కుకుంటే కూడా వాళ్లకే ఫోన్ చేయండి, ఈలోపు దాని మీద గుడ్డ కప్పి కాళ్లకు దూరంగా ఉండండి.

పనిలో పనిగా, పొలాల్లో పట్టుకొచ్చి రోడ్డు పక్కన అమ్మే చెవులపిల్లి పిల్లల్ని జాలిపడి కొనకండి. అవి అడవి జంతువులు, పెంచడం చట్ట ప్రకారం కుదరదు, బోనులో బతకవు కూడా.

సంక్రాంతికి ఊరెళ్తున్నప్పుడు కుందేళ్లను చూడమని పక్కింటివాళ్లకు తాళంచెవి ఇస్తే, మేత, నీళ్ల సంగతి ఒక్కటే చెప్పి వెళ్లకండి. ఆవరణ తలుపు తీసి పెరట్లోకి వదలొద్దని, ముఖ్యంగా వాళ్ల పిల్లలకు, కాగితం మీద రాసి గూడుకే అంటించి వెళ్లండి.